ఖనిజం పోయి చీటీ మిగిలింది

"మావయ్యా, ఖనిజం పోయింది. చీటీ ఒక్కటే మిగిలింది."

ఒక ఆదివారం సాయంత్రం కిరండూల్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. అసలే వానాకాలం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, అదే కె.కె. లైను మీద ఎక్కడో కొండచరియ విరిగిపడి గూడ్సు బండి పట్టాలు తప్పిందేమోనని నా గుండె ఝల్లుమంది. "ఎవరికీ ఏమీ కాలేదు కదరా?" అన్నాను. వాడు నవ్వేశాడు. "బండి కాదు మావయ్యా, కంప్యూటర్లో. ఆర్‌లో."

వాడక్కడ ఒక చిన్న ల్యాబులో శాంపిళ్ల లెక్కలు చూస్తాడు. ఆ రోజు నలభై శాంపిళ్ల ఇనుము శాతాలను ‘ఖనిజం’ అనే పేరుతో ఆర్ అనే గణాంకాల కంప్యూటర్ భాషలోకి ఎక్కించాడు. ఆ అంకెలకు తగిలించిన చీటీని మార్చడానికి చిన్న ఫంక్షన్ రాసి నడిపాడు. తర్వాత ‘ఖనిజం’ అని కొట్టి చూస్తే నలభై అంకెల్లో ఒక్కటీ లేదు. తెర మీద ఒకే ఒక్క మాట ఉంది: "ఎండు".

ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ అధ్యాయం. ఒక సంగతి ముందే చెప్పాలి. ఆర్ ఆదేశాలను చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

విశాఖ వైపు వాళ్లకు కిరండూల్ అంటే ఊరికంటే ముందు రైలు గుర్తుకొస్తుంది. పొద్దున్నే లేచి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కుతాం, బొర్రాలో కొందరం, అరకులో మిగిలిన వాళ్లం దిగిపోతాం. బండి మాత్రం ఒడిశా దాటి, బస్తర్ అడవుల్లోకి దూరి, ఎప్పటికో కిరండూల్ చేరుతుంది. కొత్తవలస నుంచి అక్కడికి సుమారు 445 కిలోమీటర్లు. దారిలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇన్ని కొండలు తొలిచింది మనల్ని అరకు తిప్పడానికి కాదు. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఇనుప ఖనిజం పంపాలని 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి వేసిన లైను ఇది. మనం దాని మీద పేరంటానికి వెళ్లిన చుట్టాలం.

ఖనిజం ఉన్న కొండల పేరు బైలదిలా. ఎద్దు మూపురం అని అర్థం. దూరం నుంచి చూస్తే పేరు పెట్టినవాళ్లకు మంచి కన్ను ఉందనిపిస్తుంది. 1930లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు క్రూక్‌షాంక్ ఆ కొండలు తిరిగి నిక్షేపాలకు ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేశాడు. ఆ నంబర్లే ఈనాటికీ వాడుక. అక్కడ గనులు తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ 1958 నవంబర్ 15న పుట్టింది. కిరండూల్ దగ్గరి పద్నాలుగో నంబరు నిక్షేపంలో 1968లో పని మొదలుపెట్టింది. అంటే అక్కడ కొండకు కూడా పేరుకంటే నంబరే ముఖ్యం. ఇక రాయి సంగతి చెప్పాలా?

ల్యాబు బల్ల మీద చిన్న పొట్లంలో ఎర్రటి పొడి ఉంటుంది. దాని పక్కన 63.8 అని రాసి ఉంటుంది. అది ఇనుము శాతమని తెలుసు. ఏ నిక్షేపానిది? ముద్ద ఖనిజమా, పొడి ఖనిజమా? అన్నిటికంటే చిక్కు ప్రశ్న, అది తడి మీద కట్టిన శాతమా, ఎండు మీద కట్టినదా? కొండ మీద వాన పడితే ఖనిజం నీళ్లు పీలుస్తుంది. నూరు టన్నుల ఖనిజంలో ఆరు టన్నులు నీళ్లే అనుకోండి. ఎండు మీద 64 శాతం ఇనుము ఉందంటే మిగిలిన 94 టన్నుల్లో 64 శాతమని అర్థం, అంటే 60.16 టన్నులు. ఆ సంగతి మరిచి నూరు టన్నులకూ లెక్క కడితే 64 టన్నులు వస్తుంది. దాదాపు నాలుగు టన్నుల నీళ్లను ఇనుము కింద అమ్మినట్టు. అందుకే ల్యాబులో శాంపిల్‌ను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ముందూ వెనకా తూచి, తేమ ఎంతో రాసుకుంటారు. బేరాలు ఎండు టన్నుల మీద నడుస్తాయి. ‘తడి’, ‘ఎండు’ అనే రెండక్షరాల మాటలు చీటీ మీద లేకపోతే 63.8 అనేది ఉత్త అంకె.

బళ్లో మాస్టారు చెప్పిన విశేష్యం, విశేషణం గుర్తున్నాయా? ‘నల్ల గేదె’లో గేదె విశేష్యం, నల్ల విశేషణం. ఆర్ భాషలో విశేష్యాన్ని ఆబ్జెక్ట్ అంటారు, విశేషణాన్ని ఆట్రిబ్యూట్ అంటారు. నలభై అంకెల వరస ఒక ఆబ్జెక్ట్. దానికి ‘ఆధారం’ అనే చీటీ తగిలించి, దాని మీద "తడి" అని రాయవచ్చు:

ఆట్ర్(ఖనిజం, "ఆధారం") <- "తడి"

మధ్యలో ఉన్న ఎడమ బాణం గుర్తు ‘కుడివైపున్నది ఎడమవైపు పెట్టు’ అని చెబుతుంది. అంకెలు అంకెల్లాగే ఉంటాయి, పక్కన చీటీ వేలాడుతుంది.

ఇది ఏదో అదనపు అలంకారం అనుకునేరు. ఆర్‌లో మనం గొప్ప వస్తువులనుకునే చాలావాటికి లోపల ఉన్నది మామూలు అంకెలూ ఒక చీటీ, అంతే. మాత్రిక అంటే ఒక వరస, దాని మీద ‘ఇన్ని అడ్డు వరసలు, ఇన్ని నిలువు వరసలు’ అనే చీటీ. తేదీ అంటే 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులో చెప్పే అంకె, దాని మీద ‘ఇది తేదీ’ అనే చీటీ. ఎన్‌ఎండీసీ పుట్టినరోజును ఆర్‌కు ఇచ్చి, ‘అన్‌క్లాస్’ అనే ఆదేశంతో ఆ చీటీ పీకేస్తే మైనస్ 4065 అని వస్తుంది. 1970కి అన్ని రోజుల ముందన్నమాట. చీటీ ఉంటే చరిత్ర, లేకపోతే అప్పుల పద్దు.

నిక్షేపాల నంబర్లతో ఇంకో తమాషా ఉంది. 5, 11, 14 అనే మూడు నంబర్లను అక్షరాల రూపంలో ఇచ్చి, వాటిని వర్గాలుగా, అంటే ఆర్ మాటల్లో ‘ఫ్యాక్టర్’గా మార్చామనుకోండి. ఆర్ వాటిని నిఘంటువు వరసలో పేరుస్తుంది: ముందు 11, తర్వాత 14, చివర 5. లోపల 1, 2, 3 అని రాసుకుని, అసలు పేర్లను ‘లెవెల్స్’ అనే చీటీ మీద పెడుతుంది. ఇది తెలియని వాడు ‘ఈ ఫ్యాక్టర్‌ను మళ్లీ అంకెలు చెయ్యి’ అంటే ఆర్ మారు మాట్లాడకుండా చేసి ఇస్తుంది. పద్నాలుగో నంబరు నిక్షేపం కాస్తా 2 అయిపోతుంది. కొండ ఎక్కడిదక్కడే ఉంటుంది, క్రూక్‌షాంక్ శ్రమ మాత్రం పోతుంది.

మా వాడి సంగతికి వద్దాం. వాడు రాసిన ఫంక్షన్ ఇది:

చీటీ_మార్చు <- ఫంక్షన్(క) {
ఆట్ర్(క, "ఆధారం") <- "ఎండు"
}

తర్వాత చీటీ_మార్చు(ఖనిజం) అని నడిపాడు. తెర మీద ఏమీ రాలేదు. ఎర్ర అక్షరాల్లో తిట్టూ రాలేదు. పని అయిందనుకుని చీటీ చూసుకుంటే "తడి" అనే ఉంది. మళ్లీ నడిపాడు. "తడి". ఆర్‌ను మూసి, తెరిచి, నడిపాడు. "తడి". వేరే భాషలు నేర్చి వచ్చిన వాళ్లందరూ ఇక్కడే బోల్తా పడతారు. పైథాన్‌లో ఒక జాబితాను ఫంక్షన్‌కు ఇచ్చి, లోపల దాని చివర ఒక అంకె చేరిస్తే బయట ఉన్న జాబితాలోనూ ఆ అంకె కనబడుతుంది. ఆర్‌లో అలా కాదు.

పట్టాదారు పాసుపుస్తకం తీసుకుని జిరాక్స్ షాపుకు వెళ్లండి. జిరాక్స్ మీద రెండెకరాలను పన్నెండెకరాలుగా దిద్దండి. ఇంటికొచ్చి బీరువాలోని అసలు పుస్తకం తెరిస్తే రెండెకరాలే ఉంటాయి. ఆర్‌లో ఫంక్షన్‌కు మనం ఇచ్చేది జిరాక్స్. ఫంక్షన్‌కు దాని సొంత గది ఉంటుంది. ఆ గదిలో ‘క’ అనే పేరుతో ఆ ప్రతి ఉంటుంది. దాని మీద ఎన్ని దిద్దుబాట్లు చేసినా గది తలుపు మూసుకోగానే అవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. బయట ‘ఖనిజం’ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఆర్ నిజానికి అంత దుబారా మనిషి కాదు. ఫంక్షన్‌కు వస్తువు ఇచ్చిన వెంటనే జిరాక్స్ తీయదు. లోపలి ‘క’, బయటి ‘ఖనిజం’ రెండూ మెమరీలో ఒకే చోటును చూపిస్తుంటాయి. చదివినంతసేపూ అసలు పుస్తకమే. కలం తెరిచి దిద్దబోయే క్షణంలో, ‘దీన్ని ఇంకెవరైనా చూస్తున్నారా?’ అని లెక్క చూసుకుని, చూస్తుంటే అప్పుడు ప్రతి తీస్తుంది. ఆ లెక్కను మరింత కచ్చితంగా ఉంచే పద్ధతి 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్‌తో అమల్లోకి వచ్చింది. కోటి అంకెల వరస మెమరీలో దాదాపు 80 మెగాబైట్లు తీసుకుంటుంది కాబట్టి ఈ పొదుపు చిన్న విషయం కాదు.

నాకు ఫోన్ చేయకముందే, ‘అయితే ప్రతిని బయటికి తెచ్చి ఖనిజం పేరు మీద పెట్టాలి’ అని వాడికి వాడే తేల్చుకున్నాడు. సరిగ్గానే తేల్చుకున్నాడు. ఈసారి ఇలా రాశాడు:

ఖనిజం <- చీటీ_మార్చు(ఖనిజం)

అప్పుడే ఖనిజం పోయింది.

కారణం చూడండి. ఆర్‌లో ఫంక్షన్ బయటికి ఇచ్చేది దాని లోపల చిట్టచివర లెక్క తేలిన విలువను. మా వాడి ఫంక్షన్‌లో చివరి లైను, ఆ మాటకొస్తే ఏకైక లైను, చీటీ తగిలించే లైను. అది తేల్చే విలువ ఏమిటి? చీటీ తగిలించిన వస్తువు అని ఎవరైనా అనుకుంటారు. కాదు. బాణానికి కుడివైపు ఏముందో అది. కుడివైపు ఉన్నది "ఎండు". ఫంక్షన్ ఆ మాటనే గుట్టుగా బయటికి అందించింది. గుట్టుగా అన్నది ఊరికే అనలేదు. బాణంతో ముగిసిన ఫంక్షన్ తన విలువను తెర మీద చూపించదు. అందుకే మొదటిసారి ఏమీ కనబడలేదు. రెండోసారి మా వాడు ఆ మాటను పట్టుకెళ్లి ‘ఖనిజం’ అనే పేరు మీద పెట్టాడు. నలభై శాంపిళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

కొరియర్ కుర్రాడికి పెట్టె ఇచ్చి ‘దీని మీద చిరునామా మార్చి పట్రా’ అంటే, పెట్టె షాపులోనే వదిలేసి కొత్త చిరునామా కాగితం తెచ్చి చేతిలో పెట్టినట్టుంది వ్యవహారం. వాడిని తిట్టి లాభం లేదు. పెట్టె తెమ్మని మనం చెప్పలేదు.

చెప్పడానికి ఒక్క అక్షరం చాలు. ఫంక్షన్ చివర ‘క’ అని విడిగా ఒక లైను రాయాలి:

చీటీ_మార్చు <- ఫంక్షన్(క) {
ఆట్ర్(క, "ఆధారం") <- "ఎండు"
క
}

మా వాడు రాశాడు. నడిచింది. అంకెలు ఫైలులో ఎలాగూ భద్రంగా ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నాడు. "ఇంత చిన్నదానికా" అని ఫోన్ పెట్టేశాడు. అక్కడితో అయిపోయి ఉంటే నేనీ అధ్యాయం రాసేవాణ్ణి కాదు.

మూడు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "మావయ్యా, మన బైలదిలాలో హెమటైట్‌కంటే గొప్ప ఖనిజం దొరికింది. 72 శాతం ఇనుము!"

వాడి గొంతులో వెటకారం ఉంది, అంటే తప్పు తెలిసిపోయిందన్నమాట. హెమటైట్ అంటే రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. పరమాణు భారాలు తీసుకుని లెక్క కడితే, మచ్చలేని శుద్ధ హెమటైట్‌లో కూడా ఇనుము 69.9 శాతమే ఉంటుంది. బైలదిలా ఖనిజం ప్రపంచంలో మేలైన వాటిలో ఒకటే కావచ్చు, అణుశాస్త్రాన్ని మీరిపోదు కదా.

జరిగింది ఇది. తడి మీద కట్టిన శాతాన్ని ఎండు మీదకు మార్చాలంటే 1లోంచి తేమను తీసేసి, దానితో భాగించాలి. తేమ ఆరు శాతమైతే 0.94తో. తడి మీద 60 ఉన్నది ఎండు మీద 63.83 అవుతుంది. మా వాడు అంకెలను భాగించే పని ఒకచోట, చీటీ మార్చే పని ఇంకోచోట పెట్టుకున్నాడు. భాగించాడు, చీటీ మార్చడం మరిచాడు. ఆర్‌లో భాగహారం చేసినా, కూడినా, హెచ్చవేసినా పాత చీటీ కొత్త అంకెల మీదకు అలాగే వచ్చేస్తుంది. కాబట్టి ఎండిపోయిన అంకెల మీద "తడి" అనే చీటీ వేలాడుతోంది. మర్నాడు చీటీ చదివి, ‘ఓహో, ఇంకా తడే’ అని మళ్లీ భాగించాడు: 67.90. ఆ మర్నాడు మళ్లీ: 72.24.

67.90 దగ్గర ఎవరికీ అనుమానం రాదు. నన్నడిగితే అదే అసలు ప్రమాదం. 72.24 మన అదృష్టం కొద్దీ అసాధ్యమైన అంకె కాబట్టి దొంగ దొరికాడు. చీటీ లేకపోతే మనిషి కనీసం అనుమానిస్తాడు. తప్పు చీటీ ఉంటే నమ్మేస్తాడు.

అంతరిక్షంలోనూ ఇదే జరిగింది. 1999 సెప్టెంబర్ 23న నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరకు చేరి కనబడకుండా పోయింది. నౌకను అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజన్ల ధాటిని భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో రాసి ఇచ్చింది. దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్కలో ఉందనుకుంది. రెంటికీ తేడా దాదాపు 4.45 రెట్లు. అంకె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది, ప్రమాణం చీటీ వెంట రాలేదు. నౌక అనుకున్నదానికంటే బాగా కిందికి దిగిపోయింది. ఆర్‌లో ఇలాంటివి ఆపడానికే ఎడ్జర్ పెబెస్మా తదితరులు ‘యూనిట్స్’ అనే ప్యాకేజీ రాశారు. అది చేసేదీ చీటీ తగిలించడమే, కాకపోతే మీటర్లకు కిలోలు కూడబోతే ఒప్పుకోదు.

చీటీల విషయంలో ఆర్‌కు ఇంకో బుద్ధి ఉంది. లెక్కలు కట్టేటప్పుడు అతుక్కుని ఉండే చీటీ, ముక్క కోస్తే రాలిపోతుంది. నలభై శాంపిళ్లలోంచి మొదటి పది తీసుకుంటే ఆ పదింటి మీద ‘ఆధారం’ ఉండదు. రెండు వరసలను ‘సి’ అనే ఆదేశంతో ఒకదాని పక్కన ఒకటి చేర్చినా అంతే. పేర్లు మాత్రం నిలుస్తాయి, ఎందుకంటే ఏ అంకెకు ఏ పేరో ఆర్‌కు తెలుసు. మనం సొంతంగా కట్టుకున్న చీటీ మొత్తానికి వర్తిస్తుందా, ముక్కకూ వర్తిస్తుందా అన్నది దానికి తెలియదు. ‘నలభై శాంపిళ్ల సగటు’ అని ఒక చీటీ ఉందనుకోండి, పదింటి మీద అది అబద్ధం. తెలియనప్పుడు ఊరుకోవడం మర్యాదేనని నేననుకుంటాను. లెక్కల్లోనూ అదే మర్యాద పాటిస్తే బాగుండేది, కానీ ఆ బండి ఎప్పుడో వెళ్లిపోయింది. ‘ఇఫ్‌ఎల్స్’ అనే ఆదేశానికి తేదీలిస్తే చీటీలు రాలిపోయి మైనస్ 4065 లాంటి అంకెలు చేతికొస్తాయి. ఆర్ వాడేవాళ్లలో దాని దెబ్బ తినని వాడు ఉండడు.

ఇంత చిక్కు ఎందుకు పెట్టుకున్నారు? ఫంక్షన్ లోపల మార్చింది బయట కూడా మారేలా చేస్తే పోయేది కదా, అని మా వాడు అడిగాడు. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆర్‌కు తల్లి ఎస్ అనే భాష. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం దాన్ని మొదలుపెట్టింది. అప్పటికి అక్కడ లెక్కలన్నీ ఫోర్‌ట్రాన్‌లో. ఫోర్‌ట్రాన్‌లో సబ్‌రూటీన్‌కు ఏది ఇచ్చినా అసలు వస్తువే ఇచ్చినట్టు. అందువల్ల కొన్ని పాత కంపైలర్లలో ఒక విడ్డూరం జరిగేది. సబ్‌రూటీన్‌కు 4 అనే స్థిరాంకాన్ని ఇచ్చి, లోపల దాన్ని 5 చేస్తే, ఆ తర్వాత ప్రోగ్రాములో 4 అని ఎక్కడ రాసినా 5 అని అర్థమయ్యేది. ఎస్ వాడేది గణాంక శాస్త్రజ్ఞులు. వాళ్లు ఒకే డేటాను పొద్దున ఒక కోణంలో, మధ్యాహ్నం ఇంకో కోణంలో చూస్తారు. పొద్దున సగటు కట్టిన ఫంక్షన్ చల్లగా డేటాను కూడా మార్చేసి ఉంటే మధ్యాహ్నం లెక్కకు విలువ లేదు. అందుకని, ఫంక్షన్ అడిగిన దానికి జవాబు చెప్పాలి తప్ప మన సామాను ముట్టుకోకూడదు అన్న నియమం పెట్టుకున్నారు.

1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు విద్యార్థుల కోసం ఎస్ లాంటిదే ఒక చిన్న భాష తయారుచేసుకున్నారు. లోపలి యంత్రాంగానికి స్కీమ్ అనే భాషను ఆదర్శంగా పెట్టుకుని, పైన ఎస్ వేషం తొడిగారు. ఇద్దరి పేర్లూ ఆర్ అక్షరంతోనే మొదలు, ఎస్‌కు ముందక్షరం కూడా ఆర్. పేరు కోసం పంచాంగం చూడక్కర్లేకపోయింది. 1993లో బయటి ప్రపంచానికి చూపించారు, 1995లో అందరికీ ఉచితంగా వదిలారు, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఆర్ లెక్కలో అది 11016వ రోజు. ఎస్ పెట్టుకున్న నియమాన్ని వాళ్లు మార్చలేదు.

ఆర్ తెరవగానే సిద్ధంగా ఉండే ఆదేశాల్లో ‘మహలనోబిస్’ అని ఒకటుంది, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పేరు మీద. ఆయన దగ్గరకు 1941లో చేరిన సి.ఆర్. రావుగారు అంతకుముందు గణితం చదివింది విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. కె.కె. లైనుకు ఆ చివర రాళ్లుంటే ఈ చివర గణాంకాలున్నాయని మా వాడితో అంటే, "మావయ్యా, ముందు నా 72 సంగతి చూడు" అన్నాడు.

నియమం ఉన్నచోట దొడ్డిదారి కూడా ఉంటుంది. ఆర్‌లో రెండు తలల ఎడమ బాణం, <<- అని, ఒకటుంది. అది ఫంక్షన్ గది దాటి బయట ఉన్న పేరును మార్చేస్తుంది. నలుగురైదుగురు దీన్ని మా వాడికి అప్పటికే చెప్పి ఉన్నారు. ఫంక్షన్ లోపల ‘ఖనిజం’ అని నేరుగా పేరు పెట్టి పిలిచి ఈ బాణం వేస్తే బయట చీటీ మారుతుంది, నిజమే. అప్పుడు ఆ ఫంక్షన్ ‘ఖనిజం’ అనే పేరున్న ఒక్క వస్తువుకే పనికొస్తుంది. రేపు పక్కనున్న బచేలీ గని శాంపిళ్లు ఇంకో పేరుతో వస్తే దేన్ని మారుస్తుందో తెలియదు. పైగా అది వెతికేది ఫంక్షన్‌ను పిలిచిన చోట కాదు, ఫంక్షన్‌ను రాసిన చోట. ఈ తేడా తెలిసినవాళ్లు దాన్ని మామూలు పనులకు వాడరు, వాడేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

రెండో దారి మర్యాదైనది. ఆర్‌లో ‘ఎన్విరాన్‌మెంట్’ అనే వస్తువుకు జిరాక్స్ ఉండదు. అది ఊరి బావి లాంటిది. ఎవరు ఏ గట్టు మీంచి చేద వేసినా అవే నీళ్లు. దాన్ని ఫంక్షన్‌కు ఇచ్చి లోపల మారిస్తే బయటా మారుతుంది. ఆఖరికి దాని మీద చీటీ తగిలించినా అందరికీ కనబడుతుంది. ఈ బావి మీద కట్టిన ఇళ్లే ‘ఆర్‌సిక్స్’ లాంటి పద్ధతులు. భారీ పట్టికలతో పనిచేసేవాళ్ల కోసం మ్యాట్ డౌల్ మొదలుపెట్టిన ‘డేటా.టేబుల్’ ప్యాకేజీలో ‘సెట్‌ఆట్ర్’ అనే ఆదేశం ఉంది. ప్రతి తీయకుండా అసలు వస్తువు మీదే చీటీ మారుస్తుంది. కోట్ల అంకెలున్నప్పుడు దాని అవసరం కాదనలేం. నలభై శాంపిళ్లకు అది చీమ మీదకు రోడ్డు రోలరు.

మా వాడికి కావలసింది ఇవేవీ కాదు. అంకె మారడం, చీటీ మారడం ఒకే చోట, ఒకే ఊపిరిలో జరగాలి. పని మొదలుపెట్టే ముందు చీటీ చదవాలి. ఇద్దరం కలిసి రాసింది ఇది:

ఎండబెట్టు <- ఫంక్షన్(క, తేమ) {
ఇఫ్ (ఆట్ర్(క, "ఆధారం") != "తడి") స్టాప్("ఇది తడిది కాదు, మళ్లీ ఎండబెట్టకు")
క <- క / (1 - తేమ)
ఆట్ర్(క, "ఆధారం") <- "ఎండు"
క
}

వాడేటప్పుడు ఇలా:

ఎండు_ఖనిజం <- ఎండబెట్టు(ఖనిజం, 0.06)

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఫలితాన్ని పాత పేరు మీద పెట్టలేదు, కొత్త పేరిచ్చాం. ఆర్ మనకు జిరాక్స్ ఇచ్చినప్పుడు అసలును చేజేతులా చింపుకోవడం దేనికి? తడి అంకెలు ‘ఖనిజం’లో తడిగానే ఉన్నాయి, "తడి" అనే చీటీతో. ఎండువి వేరే ఉన్నాయి. పొరపాటున ఎండు_ఖనిజాన్ని మళ్లీ ఎండబెట్టబోతే ఫంక్షన్ మొదటి లైనులోనే ఆగి, మనం రాసిన తెలుగులోనే మనల్ని తిడుతుంది. చీటీ అసలు లేకపోతే కూడా ఆగిపోతుంది, కాకపోతే అప్పుడు ఆర్ తన ఇంగ్లిషులో తిడుతుంది.

మా వాడు దీనికి ఇంకో లైను సొంతంగా చేర్చుకున్నాడు. ఏ శాంపిల్ అయినా 69.94 దాటితే ఆగిపొమ్మని. దానికి ‘హెమటైట్ గేటు’ అని పేరు పెట్టుకున్నాడు.

మీ కంప్యూటర్లో ఆర్ ఉంటే ఒక పని చేయండి. పై ఫంక్షన్‌ను అలాగే రాసి, చిట్టచివరి ‘క’ లైను ఒక్కటీ తీసేసి, ఓ పది అంకెలకు "తడి" చీటీ కట్టి నడపండి. ఫలితాన్ని కొత్త పేరు మీద పెట్టి, ఆ పేరు కొట్టి చూడండి. మీకూ ఖనిజం పోయి చీటీ మిగలాలి. మిగలకపోతే ఏం వచ్చిందో నాకు రాయండి.